కరెంట్ అఫైర్స్ ప్యాసేజీ, లాజికల్ ప్రశ్న: బాగా తెలిసిన వార్తే ఎందుకు తప్పు చేయిస్తుంది?

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం గురించి మీకు తెలియంది లేదు. ఎప్పుడు మొదలైందో, ఏ బస్సుల్లో వర్తిస్తుందో, ఆర్టీసీ మీద ఎంత భారం పడుతోందని ఎవరు ఏమన్నారో అన్నీ చదివారు. పరీక్షలో అదే అంశంపై ప్యాసేజీ వచ్చింది. ‘హమ్మయ్య, తెలిసిందే’ అనుకున్నారు. ఐదు ప్రశ్నలకు చకచకా జవాబులు పెట్టారు. కీ వచ్చాక చూస్తే మూడు తప్పు.

క్లాట్‌కు సిద్ధమయ్యే చాలామంది విద్యార్థులకు ఇది అనుభవమే. సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ పేపర్ రాసేవారికీ కొత్త కాదు. రోజూ పేపర్ చదివి, నెలనెలా కరెంట్ అఫైర్స్ పుస్తకాలు తిరగేసినా ఈ ప్రశ్నల దగ్గర మార్కులు ఎందుకు పోతాయి? తెలిసిన వార్త ఎక్కడ అడ్డుపడుతుంది? రెండు నమూనా ప్యాసేజీలతో చూద్దాం.

ఏ పరీక్షల్లో ఇవి వస్తాయి?

హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం సహా దేశంలోని చాలా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల లా కోర్సుకు క్లాట్ ద్వారానే ప్రవేశాలు జరుగుతాయి. ఈ పరీక్షలో 120 ప్రశ్నలుంటాయి. సమయం 2 గంటలు. సరైన జవాబుకు 1 మార్కు, తప్పయితే 0.25 మార్కు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది.

ఇందులో లాజికల్ రీజనింగ్ విభాగానికి 22 నుంచి 26 ప్రశ్నలు కేటాయించారు. అంటే మొత్తం పేపర్‌లో దాదాపు ఐదో వంతు. సుమారు 450 పదాల ప్యాసేజీ ఇచ్చి, దాని కింద కొన్ని ప్రశ్నలు అడుగుతారు. సంపాదకీయాలు, వార్తా విశ్లేషణల తరహాలో ఉండే ఈ ప్యాసేజీలు తరచూ వర్తమాన అంశాల మీదే ఉంటాయి.

సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపర్ సీశాట్. 80 ప్రశ్నలు, 200 మార్కులు. అర్హత సాధించడానికి 33 శాతం, అంటే 66 మార్కులు రావాలి. ఒక్కో ప్రశ్నకు 2.5 మార్కులు, తప్పు జవాబుకు అందులో మూడో వంతు కోత. మొదటి పేపర్‌లో ఎంత బాగా రాసినా ఇక్కడ 66 రాకపోతే ఆ ఏడాదికి ప్రయాణం ఆగినట్టే. ఇందులోని ప్యాసేజీల కింద ‘దీన్నుంచి తార్కికంగా ఏం తేలుతుంది’, ‘రచయిత ఏం అనుకొని ఈ మాట అన్నారు’ అనే ప్రశ్నలు పదేపదే వస్తాయి.

కరెంట్ అఫైర్స్ ప్రశ్నకూ దీనికీ తేడా ఏంటి?

‘తెలంగాణలో మహాలక్ష్మి పథకం ఎప్పుడు మొదలైంది?’ అనేది జ్ఞాపకశక్తికి పరీక్ష. జవాబు మీ బుర్రలో ఉండాలి.

‘పై ప్యాసేజీ రచయిత వాదనను ఏది బలహీనపరుస్తుంది?’ అనేది వేరే రకం. దీనికి జవాబు కాగితం మీదే ఉంటుంది. పథకం గురించి మీకు తెలిసింది, మీ ఇంట్లో దాని గురించి జరిగిన చర్చ, మీకు నచ్చిన పార్టీ మాట, ఇవేవీ ఇక్కడ లెక్కలోకి రావు. రచయిత అన్నది తప్పని మీకు అనిపించినా, ఆ ఐదు ప్రశ్నలు పూర్తయ్యేదాకా ఆయన మాటను ఉన్నది ఉన్నట్టుగానే తీసుకోవాలి.

చెప్పడానికి సులువే. కానీ తెలిసిన అంశం కనిపించగానే మనసు ప్యాసేజీని చదవడం మానేసి, గుర్తున్నది నెమరేయడం మొదలుపెడుతుంది. ప్రశ్నలు తయారుచేసేవారికి ఆ సంగతి తెలుసు. అందుకే నాలుగు ఆప్షన్లలో ఒకటి తరచూ బయట ప్రపంచంలో నిజమైనదై, ప్యాసేజీలో లేనిదై ఉంటుంది.

మొదటి ప్యాసేజీ: ఉచిత బస్సు

ఇది ఈ కథనం కోసం రాసిన చిన్న నమూనా. పరీక్షలో ఇంతకంటే పెద్దది వస్తుంది.

‘తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరిట 2025 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. దీన్ని ఓట్ల కోసం ఇచ్చిన తాయిలంగా మాత్రమే చూడటం సరికాదు. ఛార్జీల భారం వల్ల ఇంటి దగ్గర దొరికిన తక్కువ జీతం పనితో సరిపెట్టుకున్న మహిళ ఇప్పుడు దూరంలో ఉన్న మెరుగైన పనికి వెళ్లగలుగుతుంది. ఆ అదనపు సంపాదన ఇంటికీ, మార్కెట్‌కూ చేరుతుంది. అయితే బస్సుల సంఖ్య పెరగకపోతే ఈ లాభం కాగితం మీదే మిగిలిపోతుంది. కాలు పెట్టడానికి చోటు లేని బస్సులో టికెట్ ఉచితమైనా ఒకటే, కాకపోయినా ఒకటే. కాబట్టి ప్రభుత్వాలు పథకాన్ని కొనసాగిస్తూనే కొత్త బస్సుల కోసం ఖర్చు చేయాలి.’

ప్రశ్న 1: రచయిత ప్రధానంగా తేల్చిన మాట ఏది?

1) ఉచిత ప్రయాణం వల్ల ఆర్టీసీ నష్టాల్లో కూరుకుపోతుంది.
2) పథకాన్ని కొనసాగిస్తూనే ప్రభుత్వాలు కొత్త బస్సులకు ఖర్చు చేయాలి.
3) ఛార్జీల భారం వల్ల కొందరు మహిళలు తక్కువ జీతంతో సరిపెట్టుకున్నారు.
4) ఉచిత పథకాలన్నీ ఆర్థిక వ్యవస్థకు మేలు చేస్తాయి.

జవాబు 2. ఒకటో ఆప్షన్ మీరు టీవీ చర్చలో వినే ఉంటారు, కానీ ప్యాసేజీలో ఎక్కడా లేదు. నాలుగోది ఒక పథకం గురించి చెప్పిన మాటను అన్ని పథకాలకూ సాగదీసింది.

ఎక్కువమంది పడేది మూడో దాంట్లో. అది ప్యాసేజీలో ఉంది, నిజంగా రచయిత అన్నదే. కానీ అది ఆధారం, ముగింపు కాదు. తేడా పట్టుకోవడానికి తెలుగులో మంచి సాధనం ఉంది. రెండు వాక్యాల మధ్య ‘కాబట్టి’ పెట్టి చదవండి. ‘కొందరు తక్కువ జీతంతో సరిపెట్టుకున్నారు, కాబట్టి పథకం కొనసాగించి బస్సులు కొనాలి’ అంటే కుదురుతుంది. ‘పథకం కొనసాగించి బస్సులు కొనాలి, కాబట్టి కొందరు తక్కువ జీతంతో సరిపెట్టుకున్నారు’ అంటే అతకదు. ‘కాబట్టి’ తర్వాత నిలిచేదే ముగింపు.

ప్రశ్న 2: మెరుగైన పని గురించి రచయిత చేసిన వాదన, పైకి చెప్పకుండా దేని మీద ఆధారపడింది?

1) దూరంలో ఉన్న ప్రతి పనికీ జీతం ఎక్కువే ఉంటుంది.
2) ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము సకాలంలో చెల్లిస్తోంది.
3) మెరుగైన పనులున్న కొన్ని చోట్లకైనా ఉచిత ప్రయాణం వర్తించే బస్సులు వెళ్తాయి.
4) పురుషులకూ ఉచిత ప్రయాణం ఇవ్వాలి.

జవాబు 3. పరీక్ష భాషలో దీన్ని అసంప్షన్ అంటారు. రచయిత చెప్పలేదు, కానీ అది లేకపోతే ఆయన వాదన కూలిపోతుంది. కనిపెట్టే పద్ధతి: ఆప్షన్‌ను తిరగేసి చూడండి. ‘మెరుగైన పనులున్న ఏ చోటుకూ ఉచిత బస్సు వెళ్లదు’ అనుకోండి. అప్పుడు టికెట్ ఉచితమైనా ఆ మహిళ ఆ పనికి చేరలేదు. వాదన అక్కడే ఆగిపోయింది. అంటే ఇదే అసంప్షన్.

రెండో ఆప్షన్‌ను అలాగే తిరగేయండి. చెల్లింపులు ఆలస్యమవుతున్నాయనుకుందాం. అది ఆర్టీసీకి ఇబ్బందే. కానీ బస్సెక్కిన మహిళ మెరుగైన పనికి వెళ్లగలదన్న మాట దానివల్ల పడిపోదు. ఇక మొదటి ఆప్షన్‌లోని ‘ప్రతి’ అనే మాట చూడండి. రచయితకు కొన్ని పనులు మెరుగ్గా ఉంటే చాలు, అన్నీ అక్కర్లేదు. ‘ప్రతి’, ‘అన్నీ’, ‘మాత్రమే’, ‘ఎప్పటికీ’ వంటి మాటలున్న ఆప్షన్‌ను ఒకటికి రెండుసార్లు అనుమానించాలి.

ప్రశ్న 3: ‘ఉచిత ప్రయాణంతో మహిళలు మెరుగైన పనికి వెళ్తారు’ అనే వాదనను కిందివాటిలో ఏది, నిజమైతే, ఎక్కువగా బలహీనపరుస్తుంది?

1) పథకానికి ఏటా పెద్ద మొత్తం ఖర్చవుతోంది.
2) ఉచిత ప్రయాణం తమకు లేదని పురుషులు అసంతృప్తితో ఉన్నారు.
3) బస్సుల్లో రద్దీ పెరిగింది.
4) ఒక నగరంలో మహిళల ప్రయాణాలు పెరిగినా, వాటిలో దాదాపు అన్నీ గుళ్లకూ బంధువుల ఇళ్లకూ వెళ్లినవే. పని మార్చుకున్నవారు దాదాపు లేరు.

జవాబు 4. ‘నిజమైతే’ అనే మాట గమనించండి. నాలుగో ఆప్షన్‌లో చెప్పింది నిజంగా ఎక్కడైనా జరిగిందా అని వెతకనక్కర్లేదు. జరిగిందనుకొని, వాదనకు ఏమవుతుందో చూడటమే మన పని.

ఒకటి, రెండు ఆప్షన్లు పథకానికి వ్యతిరేకంగా ఉన్నాయి. కానీ పథకానికి వ్యతిరేకం కావడం వేరు, ఈ వాదనను దెబ్బతీయడం వేరు. ఖర్చు ఎక్కువైనా మహిళలు మెరుగైన పనికి వెళ్లి ఉండొచ్చు. పథకం అంటే ఇష్టంలేని విద్యార్థి ఒకటో ఆప్షన్ పెట్టి మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. ఇక మూడో దాన్ని రచయితే దాదాపుగా ఒప్పుకొన్నారు. బస్సులు పెంచాలని ఆయన అడుగుతున్నది అందుకే.

రెండో ప్యాసేజీ: యూపీఐ

‘యూపీఐ 2016లో వచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు వ్యాపారుల దగ్గర ఎండీఆర్ అనే రుసుము 2020 జనవరి నుంచి వసూలు చేయడం లేదు. అయినా ప్రతి చెల్లింపు వెనుకా సర్వర్లు, భద్రత, ఫిర్యాదుల పరిష్కారం వంటి ఖర్చులుంటాయి. వాటిని బ్యాంకులు, చెల్లింపు సంస్థలు భరిస్తున్నాయి. ప్రభుత్వం కొంత ప్రోత్సాహకం ఇస్తోంది. రుసుము లేకపోవడం వల్లే టీ కొట్టు నుంచి కూరగాయల బండి దాకా క్యూఆర్ కోడ్ చేరిందని కొందరు అంటారు. పెద్ద వ్యాపారుల నుంచి స్వల్ప రుసుము తీసుకుంటేనే ఈ వ్యవస్థ నిలబడుతుందని చెల్లింపు సంస్థలు వాదిస్తున్నాయి.’

ప్రశ్న 4: పై ప్యాసేజీ నుంచి కచ్చితంగా తేలేది ఏది?

1) రుసుము వేస్తే చిన్న వ్యాపారులు యూపీఐ మానేస్తారు.
2) యూపీఐ చెల్లింపులపై ప్రభుత్వం రుసుము వేయబోదు.
3) రుసుము లేకపోవడం వల్లే క్యూఆర్ కోడ్ చిన్న దుకాణాలకు చేరింది.
4) వ్యాపారి రుసుము కట్టనంత మాత్రాన ఆ చెల్లింపుకు ఖర్చు లేదని కాదు.

జవాబు 4. రెండో ఆప్షన్ దగ్గర వార్తలు బాగా చదివినవారే ఆగిపోతారు. యూపీఐపై ఎండీఆర్ వేస్తారన్న ప్రచారాన్ని కేంద్ర ఆర్థికశాఖ 2025 జూన్‌లో ఖండించింది. అది మీకు గుర్తుండటం మంచిదే, జనరల్ నాలెడ్జ్ విభాగంలో పనికొస్తుంది. కానీ ఈ ప్యాసేజీలో ఆ మాట లేదు. లేనిదాన్నుంచి ఏదీ తేలదు.

మూడో ఆప్షన్‌లో ఉచ్చు ఇంకా సన్నగా ఉంది. ఆ వాక్యం ప్యాసేజీలో దాదాపు అలాగే ఉంది. కానీ చివర ‘అని కొందరు అంటారు’ అని ఉంది. అంటే అది రచయిత మాట కాదు, ఇంకొకరి మాటను ఆయన మనకు వినిపించారు. వర్తమాన అంశాల ప్యాసేజీల్లో ప్రభుత్వం ఒకటంటుంది, ప్రతిపక్షం ఒకటంటుంది, నిపుణులు మరొకటంటారు, చివర్లో రచయిత తన మాట చెబుతారు. ఏ మాట ఎవరిదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోకపోతే ఒకరి మాటను ఇంకొకరికి అంటగడతాం.

ప్రశ్న 5: ‘2020లో రుసుము తీసేశారు. ఆ తర్వాత యూపీఐ వాడకం బాగా పెరిగింది. కాబట్టి రుసుము తీసేయడం వల్లే పెరిగింది.’ ఇందులోని లోపం కింది ఏ వాదనలో ఉంది?

1) వేపచెట్లన్నీ చేదు ఆకులిస్తాయి. ఇది వేపచెట్టు. కాబట్టి దీని ఆకు చేదు.
2) మా వీధిలో కొత్త కార్పొరేటర్ గెలిచారు. ఆ తర్వాత వానలు బాగా పడ్డాయి. కాబట్టి ఆయన గెలవడం వల్లే వానలు పడ్డాయి.
3) ఆయన పన్ను ఎగ్గొట్టారు. కాబట్టి పన్నుల గురించి ఆయన చెప్పింది నమ్మక్కర్లేదు.
4) నిన్న ఆ హోటల్‌లో ఇడ్లీ బాగాలేదు. కాబట్టి అక్కడ ఏదీ బాగుండదు.

జవాబు 2. ఒకటి ముందు, ఒకటి తర్వాత జరిగితే మొదటిదే రెండోదానికి కారణం అనుకోవడం ఈ లోపం. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే దాన్ని ‘కాకతాళీయం’ అంటాం కదా, అదే ఇది. యూపీఐ విషయంలో వేరే కారణాలూ ఉండే అవకాశం ఉంది: చౌక మొబైల్ డేటా, చేతిచేతికీ స్మార్ట్‌ఫోన్, 2020 మార్చి తర్వాత కరోనా భయంతో నోట్లు ముట్టుకోవడానికి జంకడం. వాటిని పక్కకు తోసేయకుండా ‘దానివల్లే’ అనలేం. మూడో ఆప్షన్ మాటను వదిలి మనిషిని పట్టుకుంది. నాలుగోది ఒక్క మెతుకుతో ఊరంత తీర్పు ఇచ్చింది. మొదటిదాంట్లో లోపమే లేదు.

సమయం ఎలా సరిపోతుంది?

క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు. ప్యాసేజీ చదివే సమయం కూడా అందులోనే. ఒక ప్యాసేజీకి ఐదు ప్రశ్నలుంటే మొత్తం ఐదు నిమిషాలన్నమాట. చదవడానికి రెండు నిమిషాలు పెట్టుకుంటే, ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు మిగులుతాయి.

అందుకే చదివేటప్పుడే మూడు పనులు కావాలి. మొదటిది, ముగింపు వాక్యం కింద గీత. ‘దేర్‌ఫోర్’, ‘హెన్స్’, ‘దస్’ వంటి మాటలు దారి చూపిస్తాయి, కానీ అవి లేకుండా మొదటి వాక్యంలోనే ముగింపు చెప్పే రచయితలూ ఉంటారు. రెండోది, వాదన మలుపు తిరిగే ‘బట్’, ‘హౌఎవర్’, ‘యెట్’ చుట్టూ సున్నా. మూడోది, ఇతరుల మాటల పక్కన ఒక గుర్తు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి అసలు చిక్కు తర్కంతో కాదు, పొడవాటి ఇంగ్లిష్ వాక్యంతో. రోజుకు ఒక ఇంగ్లిష్ సంపాదకీయం తీసుకోండి. చదివాక దాన్ని మూసేసి, తెలుగులో ఒక్క వాక్యం రాయండి: ‘ఫలానా కారణం ఉంది, కాబట్టి ఫలానా పని చేయాలంటున్నారు.’ ఆ వాక్యం రాయలేకపోతే సంపాదకీయం అర్థం కానట్టే. మళ్లీ చదవండి. రాయగలిగితే ఇంకో వాక్యం చేర్చండి: ‘ఫలానాది నిజమైతే ఈ వాదన పడిపోతుంది.’ నెల రోజులు ఈ రెండు వాక్యాలు రాస్తే, పది మాక్ టెస్టుల కీలు చూసుకున్నదానికంటే ఎక్కువ ఉపయోగం.

సాధనకు ప్రశ్నపత్రాలు కొనాల్సిన పని లేదు. క్లాట్ నిర్వహించే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం వెబ్‌సైట్‌లోనూ, యూపీఎస్సీ వెబ్‌సైట్‌లోనూ పాత పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. ప్రశ్నల తీరు ఏటా కొంత మారుతుంటుంది కాబట్టి ఇటీవలి పేపర్లతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.

తప్పు జవాబులను ఎలా సరిదిద్దుకోవాలి?

‘నాలుగుకు బదులు రెండు పెట్టాను’ అని రాసుకుంటే ఏమీ తెలియదు. ఎందుకు పెట్టారో రాయండి. సాధారణంగా కారణాలు ఐదే: ప్యాసేజీలో లేని విషయం వాడటం, ఆధారాన్ని ముగింపు అనుకోవడం, ఒకరి మాటను ఇంకొకరిదనుకోవడం, ‘ప్రతి’, ‘మాత్రమే’ వంటి మాటలను చూడకపోవడం, ప్రశ్న అడిగింది ఒకటైతే ఇంకోదానికి జవాబివ్వడం. ఇరవై తప్పులు ఇలా విడదీసి చూస్తే, ఎక్కువభాగం ఒకటి రెండు కారణాల కిందే చేరతాయి. మీరు సరిచేసుకోవాల్సింది వాటినే.

కీ తప్పనిపిస్తే?

అప్పుడప్పుడు తప్పు ప్రశ్నపత్రం తయారుచేసినవారిదీ అవుతుంది. 2025 ప్రవేశాల కోసం జరిగిన క్లాట్ యూజీ పరీక్ష కీపై వివాదం దిల్లీ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరకు కొన్ని సమాధానాలు మారి, ఫలితాలను మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. ఒకటి రెండు మార్కులతో ర్యాంకులు ఎంతగా అటూ ఇటూ అవుతాయో ఆ ఏడాది రాసినవారికి తెలుసు.

ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరాలకు కొద్ది రోజుల గడువు ఇస్తారు, ఒక్కో ప్రశ్నకు రుసుము ఉంటుంది. అభ్యంతరం రాసేటప్పుడూ ఇదే సూత్రం: ‘ఈ విషయం నాకు తెలుసు’ అని కాకుండా, ‘ప్యాసేజీలోని ఫలానా వాక్యం ప్రకారం ఈ ఆప్షన్ నిలవదు’ అని రాయాలి. ఆ వాక్యం చూపించలేకపోతే, రుసుము కట్టే ముందు ప్యాసేజీని ఇంకోసారి చదవడం మంచిది.